మేడమీద పది మంది, మే నెల సాయంత్రం: ఏ పండుకు ఏ ఆకు?

చైత్రంలో ఒడిశాలోని బరంపురం తెలుగు ఇళ్లలో కొద్ది రోజుల తేడాతో రెండు పానీయాలు తయారవుతాయి. శ్రీరామనవమికి బెల్లం, మిరియాలు, యాలకులు, శొంఠి వేసిన పానకం. ఏప్రిల్ 14 ప్రాంతంలో వచ్చే పణా సంక్రాంతికి మారేడు గుజ్జుతో బేల పణా. రెండోది పక్కింటి ఒడియావాళ్ల దగ్గర నేర్చుకున్నదే అయినా, మా ఇంట్లో అది ఎప్పుడో మా అమ్మ వంటైపోయింది. పండు, ఆకు, తీపి, ఘాటు ఒక గ్లాసులో కలపడం మన చేతులకు అలవాటున్న పనే. ఇంట్లో కాక్‌టెయిల్ చేయాలనుకున్నప్పుడు ఎంపిక దగ్గరే తికమక వస్తుంది. మే నెలలో బొడొ బజారులో నిలబడితే పచ్చిమామిడి, పుచ్చకాయ, మారేడు, కొండల మీంచి దిగిన అనాస అన్నీ ఒకేసారి కళ్లబడతాయి. పుదీనా కట్ట, కొత్తిమీర కట్ట పక్కనే ఉంటాయి. దేనితో ఏది కలపాలి?

నేను చాలా జతలు చేసి చూశాను. నాలుగు నిలిచాయి. ఈ నాలుగింటిలో మీ ఇంటికి, మీ అతిథులకు ఏది సరిపోతుందో తేల్చుకోవడానికే ఇదంతా రాస్తున్నాను.

## ముందు చూసుకోవలసినవి

అన్నిటికంటే ముందు నేను చూసేది ఒకటే: మందు వేయకపోయినా ఆ గ్లాసు బాగుండాలి. మన ఇళ్లలో తాగేవాళ్లు, తాగనివాళ్లు, పిల్లలు ఒకే మేడమీద కూర్చుంటారు. ఇచ్చాపురం నుంచి వచ్చిన బావ గ్లాసులో రమ్ ఉంటుంది, పక్కనే ఉన్న అత్తయ్య గ్లాసులో ఉండదు. బావకు పుదీనా, మామిడి వేసి అందంగా చేసిచ్చి, అత్తయ్య చేతికి మాత్రం ఫ్రిజ్‌లోని కూల్‌డ్రింక్ ఇస్తే ఆవిడను పక్కన పెట్టినట్టే. అందుకే నేను పానీయం మొత్తం మందు లేకుండానే తయారుచేస్తాను. కావలసినవాళ్ల గ్లాసులో చివర కొలిచి పోస్తాను. ఈ పరీక్షకు నిలవని జతలను పక్కన పెట్టేశాను.

రెండోది పులుపు, తీపి సరితూగడం. పుల్లటి కాక్‌టెయిళ్లకు ఒక పాత లెక్క ఉంది: మందు రెండు భాగాలు, పులుపు ఒకటి, తీపి ఒకటి. మన పండ్లకు ఈ లెక్క యథాతథంగా పనిచేయదు. పచ్చిమామిడిలో పులుపు ముందే ఉంది, పుచ్చకాయలో అసలు లేదు. పండును బట్టి నిమ్మరసం, పాకం మారతాయి.

మూడోది, పది గ్లాసులు చేయగలమా లేదా అన్నది. ఒక గ్లాసు ఎవరైనా బాగా చేస్తారు. పదో గ్లాసు వరకు మీరు వంటింట్లోనే ఉండిపోతే ఇక మేడమీద కూర్చునేదెప్పుడు?

నాలుగోది చాలామంది పైకి చెప్పరు గానీ ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. కోటలోని తులసిని మందు గ్లాసులో వేయడం పెద్దవాళ్లకు బాధ కలిగిస్తుంది. మారేడు శివుడి చెట్టు. మీకు పట్టింపు లేకపోయినా, ఆ మేడమీద ఎవరు కూర్చుంటారో గుర్తుంచుకుని జత ఎంచుకోండి.

## ఆకు సంగతి

పండు కన్నా ఆకు దగ్గరే ఎక్కువ తప్పులు జరుగుతాయి. మొదటిసారి పన్నెండు మందికి చేసినప్పుడు పుదీనా, నిమ్మరసం, పంచదార అన్నీ మిక్సీలో వేసి తిప్పేశాను. ఐదు నిమిషాలకే రంగు మారింది, చేదు పట్టింది. మా పెద్దమ్మ ఒక గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టేసింది. ఆ సాయంత్రం తర్వాతే ఆకును ఎలా పట్టుకోవాలో శ్రద్ధగా నేర్చుకున్నాను.

పుదీనా వాసన ఆకు పైపొరలోనే ఉంటుంది. గ్లాసు అడుగున వేసి, అప్పడాల కర్ర చివరతో నాలుగైదు సార్లు నెమ్మదిగా అదిమితే చాలు. ఆకు చిరిగి ముద్దైతే లోపలి పసరు, చేదు దిగుతాయి. వడ్డించేముందు పైన పెట్టే కొమ్మను అరచేతిలో ఉంచి రెండో చేత్తో ఒక్క చరుపు చరచండి. గ్లాసు నోటి దగ్గరికి రాకముందే వాసన ముక్కుకు తగులుతుంది.

రుద్రజడ ఇంకో రకం. ఫలూదాలో వేసే సబ్జా గింజలు ఈ మొక్కవే. తులసికి దగ్గరి చుట్టమే గానీ పూజ పట్టింపు లేదు, వాసనలో తీపి ఎక్కువ. దీన్ని గట్టిగా నలిపినా తట్టుకుంటుంది. 2008లో జర్మనీలోని హాంబర్గ్‌లో ఒక బార్‌లో పుట్టిన జిన్ బేసిల్ స్మాష్ అనే కాక్‌టెయిల్‌లో గుప్పెడు రుద్రజడ ఆకును బాగా నలిపి, వడకట్టి పోస్తారు. మన బజారులో ఈ ఆకు కట్టలుగా దొరకదు. కిరాణా కొట్టులో కొన్న సబ్జా గింజలు కుండీలో చల్లితే మొలుస్తాయి, కొన్ని వారాల్లో ఆకు కోతకొస్తుంది.

కొత్తిమీరలో మీకు కావలసింది లేత కాడ. ఆకు కన్నా కాడలో రసం ఎక్కువ, వాసన నిలుస్తుంది. వాము ఆకు చాలా ఘాటు, గ్లాసుకు అర ఆకు దాటితే దగ్గు మందులా ఉంటుంది. మరువం కూడా బాగుంటుంది గానీ పూలకొట్టులో మాలలకు అమ్మేది వాడకండి. దాని మీద ఏం చల్లారో తెలియదు. ఇంటి కుండీలోదైతే సరే.

ఎనిమిది మంది దాటితే ఒక్కో గ్లాసులో ఆకు నలుపుతూ కూర్చోలేరు. అప్పుడు ఆకు పాకం చేసుకోండి. ఒక కప్పు పంచదార, ఒక కప్పు నీళ్లు కరిగే వరకు వేడిచేసి, పొయ్యి ఆపి, గుప్పెడు ఆకు వేసి మూతపెట్టాలి. ఇరవై నిమిషాల తర్వాత వడకట్టాలి. ఫ్రిజ్‌లో వారం ఉంటుంది. తాజా ఆకు నలిపినప్పుడు వచ్చే పచ్చి వాసన ఇందులో కొంత తగ్గుతుంది. దానికి బదులు పది గ్లాసులూ ఒకే రుచితో వస్తాయి. ఇద్దరు ముగ్గురైతే నలపండి, పది మందైతే పాకం.

## నాలుగు జతలు ఒక్కచోట

| జత | పులుపు | పది గ్లాసులకు పని | మందు లేకుండా | మందు కలిపితే |
|---|---|---|---|---|
| పచ్చిమామిడి, పుదీనా | పండులోనే ఉంది | ముందురోజే గుజ్జు చేయొచ్చు, సులువు | చాలా బాగుంటుంది | వోడ్కా, వైట్ రమ్ |
| పుచ్చకాయ, రుద్రజడ | నిమ్మరసం తప్పనిసరి | చాలా సులువు, అప్పటికప్పుడు చేయాలి | బాగుంటుంది | జిన్, వోడ్కా |
| అనాస, కొత్తిమీర, పచ్చిమిర్చి | కొద్దిగా నిమ్మ చాలు | శ్రమ ఎక్కువ | బాగుంటుంది, పిల్లలకు కారం లేకుండా | వైట్ రమ్, డార్క్ రమ్ |
| మారేడు, తులసి | కొద్దిగా నిమ్మ | గంటన్నర ముందే మొదలుపెట్టాలి | అన్నిటికన్నా గొప్పది | కలపవద్దు |

### పచ్చిమామిడి, పుదీనా

ఒక్కటే నేర్చుకోవాలంటే ఇది నేర్చుకోండి. ఇక్కడ ముందే ఒక నిర్ణయం ఉంది: మామిడిని ఉడికించాలా, పచ్చిగా తురమాలా? ఉడికించి చేత్తో పిసికిన గుజ్జుకు చిక్కదనం ఉంటుంది, పులుపు మెత్తబడుతుంది, రెండు రోజులు ఫ్రిజ్‌లో ఆగుతుంది. పచ్చిగా తురిమి పిండిన రసం పదునుగా, తేటగా ఉంటుంది. కానీ గంటలో రంగు మారుతుంది. మందు కలిపే గ్లాసుకు పచ్చిరసం బాగుంటుంది. అందరికీ కలిపి చేస్తే ఉడికించిన గుజ్జే మేలు.

కాయ ఎంపికలో జాగ్రత్త. కలెక్టరు కాయ పెద్దగా, చవగ్గా కనిపిస్తుంది గానీ పులుపు తక్కువ. దానితో చేస్తే నిమ్మరసం కలపాల్సి వస్తుంది, అప్పుడు మామిడి రుచి వెనక్కి పోతుంది. ఊరగాయకు ఏ కాయ ఏరుతారో ఆ పుల్లకాయే తీసుకోండి.

గ్లాసుకు: గుజ్జు మూడు టేబుల్ స్పూన్లు, బెల్లం పాకం రెండు టేబుల్ స్పూన్లు, నల్లుప్పు చిటికెడు, వేయించిన జీలకర్ర పొడి చిటికెడు. అడుగున ఎనిమిది పుదీనా ఆకులు అదిమి, గుజ్జు కలిపి, ఐసు నింపి, చల్లని సోడా 120 మి.లీ. పోయండి. గోళీసోడా దొరికితే అదే వాడండి, బుడగలు గట్టిగా ఉంటాయి. మందు కావలసినవాళ్లకు 30 మి.లీ. వోడ్కా గానీ వైట్ రమ్ గానీ సోడాకు ముందు పోయాలి.

క్యూబాలో పుట్టిన మొజిటోలో వైట్ రమ్, నిమ్మ, పంచదార, పుదీనా, సోడా ఉంటాయి. మొజిటో అడిగే అతిథికి ఇది ఇవ్వండి. నిమ్మ స్థానంలో మామిడి వచ్చిందంతే, కూర్పు అదే.

### పుచ్చకాయ, రుద్రజడ

పుచ్చకాయలో 90 శాతం పైన నీరే. ఐసు కరిగితే గ్లాసులో రంగు నీళ్లే మిగులుతాయి. దీనికి మంచి ఉపాయం ఉంది. కాయలో సగం ముక్కలు కోసి ముందురోజు రాత్రి డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. ఆ ముక్కలే ఐసుగా వాడండి. కరిగినా పుచ్చకాయ రసమే కరుగుతుంది. సోడా అవసరం లేదు.

గ్లాసుకు 120 మి.లీ. రసం, నిమ్మరసం ఒక టేబుల్ స్పూను పైన కొంచెం, పాకం అర టేబుల్ స్పూను, ఉప్పు రెండు పలుకులు, నలిపి వడకట్టిన రుద్రజడ ఆరేడు ఆకులు. ఉప్పు మానేయకండి, అది లేకపోతే తీపి చప్పగా ఉంటుంది. రసం కోసం మిక్సీలో తిప్పేముందు గింజలు తీసేయండి.

పిల్లలున్న ఇంటికి ఇది మొదటి ఎంపిక. మందు కలిపితే జిన్ చక్కగా కుదురుతుంది, ఎందుకంటే జిన్‌లో జూనిపర్ అనే చెట్టు కాయల వాసన ముందే ఉంది, అది రుద్రజడతో కలిసిపోతుంది. ఒకే లోపం, నిలవ ఉండదు. రెండు గంటలు దాటితే రసం పైన తేట నీరు, కింద గుజ్జు విడిపోతాయి.

### అనాస, కొత్తిమీర, పచ్చిమిర్చి

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. పని మాత్రం ఎక్కువ. అనాస కళ్లు తీయడం, రసం పిండడం, వడకట్టడం, ఆ తర్వాత ఊపడం. ఊపకపోతే ఇందులో సగం అందం పోతుంది. తాజా అనాస రసాన్ని ఐసుతో గట్టిగా పదిహేను సెకన్లు ఊపితే పైన తెల్లటి నురగ కడుతుంది. షేకర్ కొనక్కర్లేదు. రైలు ప్రయాణాల్లో నీళ్లు తీసుకెళ్లే స్టీలు మరచెంబు ఇంట్లో ఉంటే అంతకన్నా మంచి షేకర్ లేదు. మూత బిగుతుగా పడుతుంది, చేతికి చల్లగా తగలగానే ఆపాలి. సోడా మాత్రం ఎప్పుడూ అందులో పోసి ఊపకండి, మూత ఎగిరిపోతుంది.

గ్లాసుకు 90 మి.లీ. రసం, నిమ్మరసం రెండు టీ స్పూన్లు, పాకం రెండు టీ స్పూన్లు, కొత్తిమీర లేత కాడలు ఐదారు, గింజలు తీసిన పచ్చిమిర్చి ఒక సన్నటి చక్రం. కాడలు, మిర్చి కలిపి అదిమి, మిగతావి పోసి ఊపి, టీ జల్లెడతో వడకట్టండి. మిర్చిని నానబెట్టి వదిలేస్తే కారం పెరుగుతూనే ఉంటుంది, గుర్తుంచుకోండి. కొత్తిమీర వాసన గిట్టనివాళ్లకు అర వాము ఆకు.

ఉడికించని అనాసలో బ్రోమిలైన్ అనే ఎంజైమ్ ఉంటుంది, మాంసకృత్తులను విడగొడుతుంది. నాలుక చురుక్కుమనేది అందుకే. పాలు, మీగడ, పెరుగు కలిపి ఉంచితే చేదెక్కుతుంది. క్రీములాంటి పానీయం చేయాలనిపిస్తే కొబ్బరిపాలు వాడండి. ఉద్దానం కొబ్బరి మనకు దగ్గరే.

మీ ఇంట్లో విస్కీనో బ్రాందీయో తప్ప వేరేది లేదా? నాలుగింటిలో వాటిని కాస్త భరించేది అనాస ఒక్కటే. మన దేశంలో మామూలు ధరలో దొరికే చాలా విస్కీల్లో చెరకు మడ్డి నుంచి తీసిన స్పిరిట్ ఉంటుంది. అందుకే అవి అనాసతో రమ్ లాగే కలుస్తాయి.

### మారేడు, తులసి

దీన్ని ఈ పోలికలో ఎందుకు పెట్టానని కొందరు అడగొచ్చు. మందు కలపని వాళ్లకు అన్నిటికన్నా గొప్ప గ్లాసు ఇవ్వాలంటే ఇదే. గుజ్జు చిక్కగా ఉండడం వల్ల మందు ఇందులో విడిగా తగులుతుంది, రుచి కుదరదు. పూజ సంగతి సరేసరి. మందు ఉండదు కాబట్టి కోటలోని తులసి ఆకును నిశ్చింతగా వేయొచ్చు, తీర్థం తాగినట్టే ఉంటుంది.

పండు పగలగొట్టి గుజ్జును గంటసేపు నీళ్లలో నానబెట్టి, చేత్తోనే పిసికి, జల్లెడలో వడకట్టాలి. మిక్సీ వద్దు. గింజలు నలిగితే చుట్టూ ఉన్న జిగురు, చేదు రసంలోకి దిగుతాయి. బెల్లం, మిరియాల పొడి, పచ్చికొబ్బరి తురుము, కాస్త నిమ్మరసం. ఐసు తక్కువ. చివర నాలుగు తులసి ఆకులు చేత్తో తుంచి.

## మందు కలిపేవాళ్లకు

పండ్లరసం మందు ఘాటును కప్పేస్తుంది. అందుకే ఉజ్జాయింపుగా పోయడం ప్రమాదం. మన రమ్, వోడ్కా, జిన్ సీసాల్లో చాలావాటి మీద 42.8 శాతం అని రాసి ఉంటుంది. 30 మి.లీ. చిన్న పెగ్గులో దాదాపు 10 గ్రాముల ఆల్కహాల్ ఉంటుందన్నమాట, అది ఒంట్లోంచి పోవడానికి గంట పైనే పడుతుంది. కొలపాత్ర లేకపోతే దగ్గు సిరప్ మూత మీద గీతలుంటాయి, బాగా కడిగి 10 మి.లీ. గీత వరకు మూడుసార్లు పోయండి. నేను గ్లాసుకు 30 దాటను, ఒక్కొక్కరికి రెండు గ్లాసులు దాటించను. మేడ మెట్లు చీకట్లో దిగాలి, కొందరు బండి మీద వచ్చి ఉంటారు. మందు గ్లాసు పట్టినవాళ్లకు బండి తాళం ఇవ్వకండి.

ఒడిశాలో మద్యం కొనడానికి, తాగడానికి 21 ఏళ్లు నిండాలి. ఎక్సైజ్ నిబంధనలు ఏ రాష్ట్రానివి ఆ రాష్ట్రానివే, కాబట్టి చుట్టాలను ఆంధ్ర వైపు నుంచి సీసాలు తెమ్మని అడగకండి. లైసెన్సు ఉన్న కొట్టులోనే కొనండి. ముద్ర లేని సారా పండ్లరసంలో కలిపితే వాసన తెలియదు, అందులో మిథనాల్ అనే విషం ఉంటే చూపు పోతుంది, ప్రాణమూ పోతుంది. ఈ ఒక్క విషయంలో ఎవరు ఎంత నమ్మకంగా చెప్పినా వినకండి.

ఐసు కూడా అంతే. గోపాల్‌పూర్ వైపు చేపల కోసం కొట్టే దిమ్మల ఐసు తాగేందుకు కాదు. కాచి చల్లార్చిన నీళ్లు స్టీలు డబ్బాలో పోసి ముందురోజే గడ్డ కట్టించుకోండి. పెద్ద ముక్క నెమ్మదిగా కరుగుతుంది.

## మీరు ఏది ఎంచుకోవాలి

మొదటిసారి చేస్తున్నారు, పది మంది వస్తున్నారు, మధ్యలో కరెంటు పోతుందని టెన్షన్ ఉందంటే పచ్చిమామిడి. గుజ్జు ముందే ఉంటుంది, మిక్సీతో పనిలేదు. పిల్లలే ఎక్కువుంటే పుచ్చకాయ. నలుగురు స్నేహితులే, తీరిక ఉంది, కొత్త రుచి కావాలంటే అనాస. పెద్దవాళ్లు ఎక్కువగా ఉన్న పండగ సాయంత్రమైతే మారేడు ఒక్కటే చేయండి, మందు మాట ఇంకో రోజుకు వదిలేయండి.

షుగరు ఉన్నవాళ్ల విషయంలో ఒక అపోహ ఉంది, బెల్లమైతే పరవాలేదని. రక్తంలో చక్కెర పెరగడంలో బెల్లానికీ పంచదారకీ పెద్ద తేడా లేదు. వాళ్లకు పచ్చిమామిడి గుజ్జు సగానికి తగ్గించి, పాకం లేకుండా, పుదీనా, జీలకర్ర, సోడాతో ఇవ్వండి. బీపీ ఉన్నవాళ్ల గ్లాసులో ఉప్పు మానండి. నిద్రమాత్రలు, ఇంకే మాత్రలైనా వాడేవాళ్లు డాక్టరును అడగకుండా మందు ముట్టుకోకూడదు.

పలాస వైపు నుంచి ఎవరైనా జీడిపండ్లు తెస్తే ఆ రోజే వాడేయాలి, మర్నాటికి పాడవుతాయి. వాసన అద్భుతం గానీ గొంతు పట్టేసే వగరు. ముక్కలు ఉప్పునీటిలో కాసేపు ఉంచితే కొంత తగ్గుతుంది. అతిథులకు పెట్టే ముందు మీరు ఒకసారి చేసుకుని చూడండి. వానలు మొదలయ్యాక నేరేడు వస్తుంది, దానికి పుదీనా, నల్లుప్పు చాలు.

పది మంది కోసమైతే పని ఇలా పంచుకోండి. ముందురోజు రాత్రి ఐసు, గుజ్జు, పాకం. మధ్యాహ్నం ఒక్క గ్లాసు చేసి ఇంట్లో ఇద్దరికి రుచి చూపించి పులుపు, తీపి సరిచేసుకోవాలి. ఐసు కరిగాక తీపి తగ్గినట్టుంటుంది, కాబట్టి ఐసుతోనే రుచి చూడండి. సాయంత్రం ఐదింటికి నిమ్మకాయలు పిండి మూతపెట్టాలి. ఆకు మాత్రం తడిగుడ్డలో చుట్టి ఉంచి, అతిథులు మెట్లెక్కుతున్న చప్పుడు వినబడ్డాకే తుంచండి.